మా సునీల్ కలిపే చిలకపచ్చ

మా అబ్బాయి సునీల్ పోయి ఎనిమిది నెలలైంది. శుక్రవారాలు వాడితో చేపలకి వెళ్ళే ప్రసాదు ఇవాళ గల్ఫ్‌లో, ఉమ్ ఘువైలినా పేటలో ఉన్న మా ఇంటికొచ్చాడు. ప్లాస్టిక్ కరిగించి చేపలకి మెత్తటి ఎరలు అచ్చుల్లో పోస్తారు వీళ్ళు. సునీల్ కలిపే చిలకపచ్చ ప్రసాదుకి కుదరట్లేదంట. ఆ రంగు వాడితోనే పోయిందనుకున్నాను.

మా పొయ్యి మీదే కరిగించాడు. లేతగా ఉందని చుక్క మీద చుక్క రంగు వేస్తున్నాడు.

"వేడి మీద ఏం తెలుస్తుందిరా? పళ్ళెంలో చుక్క వేసి, చల్లారాక చూడు. అరిసెల పాకం అలాగే కదా చూస్తాం!"

"సునీల్ కూడా అచ్చం ఇలాగే తిట్టేవాడు ఆంటీ, అరిసెలతో సహా."

రంగు కుదిరింది. పట్టుకెళ్ళాడు.

నేను పాకం పడుతుంటే సునీల్ ఫోన్‌లోంచి తలెత్తేవాడు కాదు. వినట్లేదని ఎన్ని తిట్లు తిట్టానో! మీ పిల్లలూ ఇలాగే వింటారా?