రబ్బరు చెరిపిన లెక్కలు

నా తమ్ముడి కూతురిని శిష్యురాళ్లు చాటుగా కత్తెరమ్మ అంటారు. కుట్టు శిక్షణ కేంద్రంలో తొమ్మిదేళ్లుగా తాత్కాలిక బోధకురాలు. గుమ్మంలో నిలబడ్డ మనిషి భుజం కొలత కంటితోనే చెబుతుంది. టేపు పెట్టి చూసినా నూలుపోగంత తేడా రాదు. అంతటి మనిషికి, రెండేళ్లలోగా బీజగణితం పరీక్ష గట్టెక్కకపోతే ఉన్న కొలువూ ఊడుతుందని కేంద్రం ఉత్తరం రాసింది. చొక్కా చేతులు కత్తిరించడానికి సమీకరణాలతో పనేమిటో అందులో లేదు. ఆ ఉత్తరం నా ఫైలులో భద్రంగా ఉంది.

ఆరునెలలకొకసారి చొప్పున మూడుసార్లు రాసింది. మూడుసార్లూ వందకు పన్నెండు మార్కులే. ఇంట్లో ఆమె చేసిన లెక్కల జవాబులు సరిచూసినవాణ్ణి నేను, ఒక్కటీ తప్పలేదు. మార్కుల పత్రాలు మూడింటినీ పక్కపక్కన పరిచాను. కేంద్రంలో ఆమె కుర్చీ మీద ఎవరి బావమరిదో కన్నేశాడని నాకు గట్టి అనుమానం కలిగింది.

అర్జీల మీద అర్జీలు పెట్టి, పరీక్షల కార్యాలయంలో అసలు జవాబు పత్రమే చూపించమన్నాను. నేను పత్రం చించేస్తానేమోనని గుమాస్తా, అతడు మార్చేశాడేమోనని నేను, ఒకరినొకరం కనిపెట్టుకుంటూ కూర్చున్నాం. జవాబులన్నీ సరైనవే. ప్రతి జవాబు పైనా తెల్లటి ఖాళీ. అంచున ఎర్ర సిరాతో, ‘సోపానాలు లేవు. చూసి రాసినట్టున్నది’ అని ఉంది. దొంగలెవరా అని నేను వెతుకుతుంటే, వాళ్ల లెక్కలో దొంగ మా పిల్లే!

పత్రాన్ని కిటికీ వెలుగుకు ఎత్తిపట్టాను. ఆ ఖాళీల్లో చెరిపేసిన పెన్సిలు జాడలు; వరుస తప్పకుండా ప్రతి సోపానమూ ఉంది.

ఇంటికొచ్చి ఎందుకు చెరిపావని అడిగితే, కుడుతున్న అంచు మీంచి తల ఎత్తలేదు.

“చెరపొద్దా పెదనాన్నా? పని అయ్యాక గుడ్డ మీద సుద్దగీత మిగిలితే మా పిల్లల్నే ఊరుకోను.”

ఎర్ర సిరా మాట చెప్పాను. సూది ఆగింది.

“గుడ్డ మీద గీత మిగిలితే పని రాదంటారు. కాగితం మీద మిగలకపోతే దొంగంటారు. మూడుసార్లలో ఒక్కసారైనా పిలిచి అడగొచ్చు కదా?”

మిగిలింది ఒక్క పరీక్ష. ఆ ఉదయం గేటు దగ్గర ఆమె సంచిలోంచి రబ్బరు తీసేసుకున్నాను. డెబ్బై ఎనిమిది వచ్చాయి, కొలువు ఖాయమైంది.

మూడో పరీక్షకూ నాలుగోదానికీ నడుమ ఆమె కొత్తగా నేర్చిన బీజగణితం లేదు. అలాగైతే మూడుసార్లు మీరు పరీక్షించిందేమిటని కార్యాలయానికి రాశాను, జవాబు లేదు. రబ్బరు తిరిగిమ్మని ఆమె అడుగుతూనే ఉంది. ఇవ్వను. ఫైలులో అది ఏడో సాక్ష్యం.