ఒళ్ళో హెల్మెట్, పొట్టలో ఎముక

ఏదో తేడా జరిగిందని మొదట తెలిసింది నా కుడిచేతికి. దవాఖానా మంచం మీద పడుకుని ఉన్నాను. తల దురద పెడుతుంటే గోక్కుందామని చెయ్యి పైకి పోనిచ్చాను. చెవికి పైన, గట్టిగా ఉండాల్సిన చోట, కట్టు కింద మెత్తగా తగిలింది. పాలల్లో నానిన రొట్టెను ముట్టుకున్నట్టు. ఆ మెత్తటి దాంట్లో ఏదో కొట్టుకుంటున్నది కూడా. సిస్టర్ ఉరికొచ్చి నా చెయ్యి కిందికి లాగింది.

"ముట్టుకోకు తాతా. అక్కడ ఎముక లేదు."

లేకపోతే ఎటు పోయిందని అడగడానికి నోరు పెగల్లేదు. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు చెప్పాడు. కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. "కంగారు పడకండి పెద్దాయనా. మెదడు వాచింది, దానికి చోటు కావాలని ఆ బోన్ ఫ్లాప్ తీశాం. పారెయ్యలేదు. మీ పొట్టలోనే చర్మం కింద దాచాం. వాపు తగ్గాక మళ్ళీ తీసి తల్లో పెడతాం."

పొట్ట తడుముకున్నాను. కుట్ల పక్కన కొబ్బరిచిప్ప ముక్కలాగా తగిలింది. నా తలే, నా పొట్టలో. యాభై ఏడేళ్ళ వయసులో, బొడ్డు పక్కన.

పరామర్శకు వచ్చినవాళ్ళకు నోరు తిరిగిన నాటి నుంచి నేను చెప్పింది ఒకటే: లారీ గుద్దింది. మొదట మామూలు లారీ. కొన్నాళ్ళకు అది పది టైర్ల లారీ అయింది. ఆ తర్వాత బ్రేకులు ఫెయిలైనయి, డ్రైవరు తాగి ఉన్నాడు. నాచారంలో నేను లేత్ మిషన్ నడిపిన ఫ్యాక్టరీ వాళ్ళు వచ్చేసరికి లారీ నిండా ఇనుప రాడ్లు కూడా ఎక్కించాను. లారీ లేదు. ఏ బండీ నన్నూ నా భార్యనూ ముట్టుకోలేదు.

ముప్పై ఏళ్ళు బండి నడిపాను, ఒక్క గీత పడలేదని కూడా చెప్పేవాణ్ణి. లాలాపేట్ ఫ్లైఓవర్ దిగుతూ ఒకసారి, మౌలాలిలో వాన బురదలో ఒకసారి పడ్డాను. మోకాళ్ళ మీద మచ్చలున్నాయి. అవి చిన్నప్పుడు జామచెట్టు మీంచి పడ్డవి అనేవాణ్ణి.

ఇక జరిగింది రాస్తాను.

ఉప్పల్‌లో కొత్త స్టేడియం లేచిన రోజులవి. ఆ పొద్దున బోడుప్పల్‌లో తొట్టెల, చంటిపిల్లను ఉయ్యాలలో వేసే పండగ. నా భార్య సుగుణకు చెల్లెలి మనవరాలు ఆ పిల్ల. మాకు పిల్లల్లేరు. అందుకని ఎవరింట్లో తొట్టెలైనా సుగుణ అందరికన్నా ముందు పోవాలనుకునేది. రొట్టె, బెల్లం కలిపి స్టీలు గిన్నె నిండా మలీద ముద్దలు చేసింది. నేను తలకు రంగు వేసుకున్నాను.

అప్పట్లో మా కాలనీలో అందరిదీ ఒకటే పద్ధతి. హెల్మెట్ తల కోసం కాదు, పోలీసుల కోసం. మొగుడు బండి నడుపుతాడు. వెనక పక్కకు తిరిగి కూచున్న పెళ్ళాం ఒళ్ళో హెల్మెట్ ఉంటుంది. హబ్సిగూడలోనో ఉప్పల్ రింగురోడ్డు దగ్గరో ట్రాఫిక్ వాళ్ళ తెల్లచొక్కాలు కనపడితే అది ముందుకొస్తుంది. చౌరస్తా దాటగానే మళ్ళీ ఒళ్ళోకి పోతుంది. చంటిబిడ్డను చేతులు మార్చినట్టే. ఆడవాళ్ళకు ఎంత అలవాటంటే, మనం అడగకముందే భుజం పక్కకు వచ్చేది.

ఇంటి ముందర సుగుణ అడిగింది. "ఇక్కడే పెట్టుకోరాదు? నా చేతిల గిన్నె గూడ ఉన్నది."

"జుట్టు పాడైతది. రింగురోడ్డుకాడ ఇద్దువు తియ్యి."

ఇక్కడిదాకా అందరికీ చెప్పేవాణ్ణి. ఆ తర్వాత ఏమీ గుర్తులేదనేవాణ్ణి. ఆ గుర్తులేకపోవడం గురించి కూడా చెప్తాను.

రింగురోడ్డుకు ఇవతల డివైడర్ రాయికి నా తల కొట్టుకుంది. బండి సుగుణ ఎడమకాలి మీద పడింది. ఎవరో ఆటోవాడు ఇద్దరినీ ఎక్కించుకుని ఒక ప్రైవేటు ఆస్పత్రికి తెచ్చాడు. సుగుణ తమ్ముడు రవి రైల్వేలో పని, మౌలాలిలో ఉంటాడు. డ్యూటీలోంచి అట్లే వచ్చాడు. సీటీ స్కాన్ తీశారు. "అక్యూట్ సబ్‌డ్యూరల్ హెమటోమా. మిడ్‌లైన్ షిఫ్ట్ కూడా ఉంది. వెంటనే క్రేనియెక్టమీ చెయ్యాలి" అన్నాడట డాక్టరు. రవికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"బతుకుతడా సార్ మా బావ?"

"ముందు సంతకం పెట్టండి. ఆ మాట తర్వాత."

తర్వాత వెంటిలేటరు, ఐసీయూ. అక్కడి సంగతి నాకు నిజంగానే తెలియదు. సుగుణకు వేరే వార్డులో కాలికి రాడ్ వేశారు.

నేను వార్డుకు మారాక రవి ఆమెను చక్రాల కుర్చీలో తీసుకొచ్చాడు. నేను కళ్ళు మూసుకుని ఉన్నాను. నిద్ర కాదు, కళ్ళు తెరిస్తే లైటు పొడిచేది. ఆమె నా ఎడమచెయ్యి పట్టుకుంది. ఆ చేతికి స్పర్శ సగమే ఉంది, అయినా తెలిసింది.

"నేనే పడగొట్టిన రవీ."

"ఏం మాట్లాడ్తున్నవక్కా?"

"పోలీసోళ్ళను జూసి గాబరాల హెల్మెట్ చేతికందిచ్చిన. నడుస్తున్న బండి మీద. జర ముందుగాల ఇస్తే గిట్ల గాకపోతుండె. నా చేతులల్లకెల్లి అది పోవుడే యాదికున్నది, ఇంకేం యాదికి లేదు. నా చేతులతోనే జేసిన."

నేను కళ్ళు తెరవలేదు.

మర్నాడు డాక్టరు అడిగాడు. "యాక్సిడెంట్ ఎలా జరిగిందో గుర్తుందా?" నేను నోరు తెరిచేలోపే ఆయనే అన్నాడు. "గుర్తుండకపోవచ్చు లెండి. హెడ్ ఇంజురీలో అమ్నీషియా మామూలే." ఎంత మంచి మాట దొరికిందో. దాన్ని దుప్పటిలాగా మీదికి లాక్కున్నాను. లారీని పుట్టించింది కూడా అప్పుడే. లారీ గుద్దితే ఇక సుగుణ తప్పు ఎక్కడిది? ఇట్లా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ ఆమె బండి మీదే ఉందిగా, లారీ లేదని ఆమెకు తెలుసు. నేను లారీ అన్నప్పుడల్లా తల వంచుకునేది. తన తప్పు కప్పడానికే అబద్ధమాడుతున్నాననుకుంది.

డిశ్చార్జి రోజు డాక్టరు చెప్పిన మాట విని రవికి నవ్వు ఆగలేదు. "ఇంట్లో లేచి తిరిగేటప్పుడు హెల్మెట్ తప్పనిసరి. కుడివైపు ఎముక లేదు. బాత్రూములో జారినా ప్రమాదమే."

రోడ్డు మీద దొరికిన మా హెల్మెట్‌నే రవి తెచ్చాడు. దానికి ఒక్క గీత పడలేదు. కొన్ననాడు ఎట్లుందో అట్లనే ఉంది.

సుగుణ తన పాత నూలు చీర చింపి లోపల మెత్తగా కుట్టింది. పొద్దున లేవగానే కర్ర సాయంతో కుంటుకుంటూ నా మంచం దగ్గరికి వచ్చేది. కర్ర గోడకు ఆనించి, రెండు చేతులతో హెల్మెట్ నా తలకు పెట్టి, గదవ కింద బకిల్ బిగించేది. టక్‌మనేది. అది విన్నాకనే నా భుజం పట్టి లేపేది. తిండికి, స్నానానికి, వాకిట్లో ఎండకు, అన్నిటికీ అదే. ఎదురింటి వాళ్ళు చూసి నవ్వితే, "ఇంటికి గేర్లు పెట్టిచ్చిన, ఇయ్యాల ట్రయల్" అనేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు. సుగుణ నవ్వేది కాదు. బకిల్ పడ్డదా లేదా అని ఇంకోసారి లాగి చూసేది.

అద్దంలో చూసుకుంటే భయమయ్యేది. కూచుంటే తల కుడివైపు సొట్టలాగా లోపలికి పోయేది. దగ్గితే ఉబికేది. ఒకనాడు అన్నం తింటుండగా ఫిట్స్ వచ్చాయి. పళ్ళెం పక్కకు ఒరిగిపోయానట. హెల్మెట్ ఉంది కాబట్టి గడపకు తగిలింది హెల్మెటే. అప్పట్నుంచి ఫిట్స్ మాత్రలు. ఇప్పటికీ వేసుకుంటున్నాను.

వాపు తగ్గింది. పొట్టలోని ఎముక తీసి తల్లో పెట్టారు. దాన్ని క్రేనియోప్లాస్టీ అంటారు. నేను పండగ చేసుకున్నాను. హెల్మెట్ అటక మీదికి విసిరేశాను. రవితో, "సొంత సామాను బామ్మర్దీ, గ్యారంటీ ఉంటది" అన్నాను. నెల తిరగకముందే కుట్లలోంచి చీము కారింది, జ్వరం పట్టుకుంది. "ఇన్ఫెక్షన్. ఫ్లాప్ తీసెయ్యాలి. మళ్ళీ వాడటానికి పనికిరాదు" అన్నాడు డాక్టరు. ఈసారి ఆయన గొంతు కూడా అంత మెత్తగా లేదు.

తీసేశారు. ఈసారి పొట్టలో దాచలేదు. పారేశారు. నేను ఇంటికి వచ్చేసరికి అటక మీది హెల్మెట్ కిందికి దిగి ఉంది, చీరగుడ్డ ఉతికి మళ్ళీ కుట్టి ఉంది. ఆమె దాన్ని తీసి నా తలకు పెట్టింది. టక్.

చాన్నాళ్ళు ఆగి, ఒళ్ళు శుభ్రపడ్డాక, టైటానియం మెష్ పెడతామన్నారు. అది మూడో ఆపరేషన్. మత్తు ఇచ్చే డాక్టరు నా గుండె చూసి, "రిస్క్ ఉంది" అన్నాడు. అందరికీ అంటారేమో. నాకు మాత్రం భయం పట్టుకుంది. చచ్చిపోతానని కాదు. ఒక మాట నాతోపాటే పోతుందని.

ఆపరేషన్‌కు తీసుకుపోయే పొద్దున సుగుణ మంచం పక్కన స్టూలు మీద కూచుంది. హెల్మెట్ ఆమె ఒళ్ళోనే ఉంది. రెండు చేతులూ దాని చుట్టూ ఉన్నాయి. అట్లా చూసేసరికి ఉండలేకపోయాను.

"సుగుణా, నాకు అంతా యాదికున్నది."

ఆమె తలెత్తింది.

చెప్పాను. హబ్సిగూడ దాటాక ఒక పిల్లగాడు మమ్మల్ని దాటిపోయాడు. మెడలో కంపెనీ గుర్తింపు కార్డు పట్టీ ఎగురుతున్నది, ఏదో ఆఫీసుకు పోయేవాడు. నన్ను చూసి నవ్వాడు. నవ్వలేదేమో కూడా. వాణ్ణి దాటాలని యాక్సిలరేటర్ తిప్పాను. వందలో పోయాను. వంద కాదు, నా ముసలి బండికి అంత లేదు. డెబ్బై దగ్గర ముల్లు వణికింది. సుగుణ నా వీపు మీద కొట్టింది, "మెల్లగ, మెల్లగ" అని. దూరంగా రింగురోడ్డు దగ్గర తెల్లచొక్కాలు కనపడ్డాయి. "హెల్మెట్ ఇయ్యి" అని అరిచింది నేనే. ఆమె ఇయ్యలేదు.

"నువ్వు ఆపమన్నవ్ సుగుణా. 'ఆపు, ఆపి పెట్టుకో' అని రెండుసార్లన్నవ్. ఆపితే వాడు ముందుకు పోతడని నేను ఎన్కకు చెయ్యి పెట్టి నీ ఒళ్ళోకెల్లి గుంజుకున్న. రెండు చేతులూ ఇడిసిపెట్టి నెత్తికి పెట్టుకోబోయిన. అది కండ్ల మీదికి దిగింది. గంతే."

ఆమె హెల్మెట్ లోపలి చీరగుడ్డను వేలితో సర్దింది.

"నేను ఆపమన్ననా?"

"అన్నవ్."

"నాకు యాదికి లేదు."

"నాకున్నది."

"మరి ఇన్నొద్దులు?"

నేను ముఖం గోడవైపు తిప్పుకున్నాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "లోపలికి పోయేముందు నా మనసుకు మంచిగనిపియ్యాలని చెప్తున్నవ్ గదా. నాకెర్క లేదా నీ సంగతి? ఆ లారీ గూడ గిట్లనే చెప్పినవ్. పది టైర్లు గూడ పెడ్తివి." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

వార్డు బోయ్స్ వచ్చి నన్ను స్ట్రెచర్ మీద తోసుకుపోయారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇప్పుడు నా తల్లో జల్లెడలాంటి లోహపు రేకు ఉంది. ఎండాకాలం కుడివైపు చుర్రుమంటుంది. ఎడమచేతి వేళ్ళు మొండిగా ఉంటాయి, చొక్కా గుండీలు సుగుణే పెడుతుంది. ఆమె కాలు పొట్టిదైంది, కర్ర పోలేదు. బండి రవికి ఇచ్చేశాను. బోడుప్పల్ పోవాలంటే ఇద్దరం బస్సే. రింగురోడ్డు దగ్గర ఇప్పుడు మెట్రో పిల్లర్లు లేస్తున్నాయి, రాష్ట్రం వచ్చింది, ఆ డివైడర్ రాయి ఉందో లేదో కూడా తెలియదు. అక్కడికి రాగానే సుగుణ ఒళ్ళోని సంచిని రెండు చేతులా గట్టిగా పట్టుకుంటుంది. తనకు తెలియకుండానే. బస్సు దాటాక వదులుతుంది.

ఆ మాట మళ్ళీ చాలాసార్లు చెప్పాను. "సరే తియ్యి" అంటుంది. నమ్మినట్టు కాదు. జీవితమంతా ఉన్నదానికి నాలుగింతలు చేసి చెప్పిన మనిషికి, ఉన్నది ఉన్నట్టు చెప్పాల్సి వచ్చినప్పుడు దక్కేది అంతే. ఇది రాస్తుంటే కూడా వంటింట్లోంచి అడిగింది, "ఈసారి లారీకి ఎన్ని టైర్లు?" అని. అచ్చులో చూస్తేనన్నా నమ్ముతుందేమోనని రాస్తున్నాను.

చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. నడిపేవాళ్ళకు చెప్తే వినరు, నేను విన్నానా? వెనక కూచునే అమ్మలకు చెప్తున్నాను. ఆ హెల్మెట్‌ను ఒళ్ళో పట్టుకోకండి. నేల మీద నిలబడే ఆయన తలకు పెట్టించండి, గదవ కింద బకిల్ టక్‌మన్నాకనే బండెక్కండి. దారిలో ఆపమని చెప్పొచ్చులే అనుకోకండి. చెప్పినా, చెప్పినట్టు తర్వాత మీకే గుర్తుండకపోవచ్చు. గుర్తున్న ఒక్క మనిషి నాలాంటివాడు కావచ్చు.