పరదేశికి పెట్టిన సద్ది

"నువ్వు పోతే మనమే పెట్టినమని మనమే సెప్పినట్టయితది," అన్నాడు నా కొడుకు.

"పెట్టింది మనం గాక ఇంకెవరురా?"

"ఆయన మిర్యాలగూడల తిన్నడు, సూర్యాపేటల తిన్నడు. దేశమంతా తినుకుంట వచ్చినోడికి మన దగ్గర్నే రోగమొచ్చిందా? నువ్వు సప్పుడు చెయ్యకుండ కూసో."

"నేను కూసుంటె ఆయన లేస్తడా?"

"పోలీసులొస్తరమ్మా. ఫోన్లు పట్టుకొని వీడియోలు తీస్తరు. ఇగ ఈ రేకుల కింద మనల్ని పొయ్యి ముట్టియ్యనియ్యరు. గదన్న సమజైతుందా నీకు?"

సమజ్ కాక కాదు. సూర్యాపేట దాటి కోదాడ వైపు పోయే పెద్దరోడ్డు పక్కన మాకొక చిన్న హోటలు ఉంది. నాలుగు బల్లలు, పైన రేకులు. కొడుకు, కోడలు నడుపుతారు. నేను ఉల్లిగడ్డలు కోస్తాను, పప్పు ఏరతాను, ఏదీ పారబోయకుండా చూస్తాను. ఆ మధ్యాహ్నం మా దగ్గర చాయ తాగే లారీ డ్రైవరు ఒకడు ఒక మాట చెప్పి పోయాడు. పొద్దున మా దగ్గర ఆగిన సైకిలు తెల్లాయన మునగాల దగ్గర వాంతులు చేసుకుంటూ రోడ్డు పక్కన పడిపోయాడట. అంబులెన్సులో కోదాడ తీసుకుపోయారట. మా గొడవ దాని మీదే.

ఆ తెల్లాయన పడుచువాడు కాదు. అరవై దాటి ఉంటాయి. బొంబాయి నుంచి బందరు సముద్రం దాకా సైకిలు మీద పోతున్నాడని తరువాత తెలిసింది. ఆ పొద్దున ఆయన వచ్చేసరికి మేము ఇంకా పొయ్యి ముట్టించలేదు. నేను గడప పక్కన కూర్చుని తింటున్నాను. ఆయన తన ఫోనులో ఏదో అన్నాడు. ఆ ఫోను ఆడగొంతుతో, రేడియోలో వార్తలు చదివినట్టు, మీరు భుజిస్తున్నది ఏమిటి అని నన్ను అడిగింది. సద్ది అన్నాను. ఫోనుకు ఆ మాట రాలేదు. ఇడ్లీకి గంట పడుతుందని చేతులతో చూపించాను. ఆయన నా గిన్నె వైపే చూస్తూ నిలబడ్డాడు.

వచ్చినవాళ్లకు సద్ది పెట్టడం మా ఇళ్లలో మర్యాద కాదు. అది ఇంట్లోవాళ్లు తినేది. అయినా కుండలో మిగిలింది ఇంకో గిన్నెలో పోసి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ పెట్టి ఇచ్చాను. ఆయన కింద కూర్చుని అడుగు దాకా తాగాడు. కళ్లు మూసుకుని తాగాడు. ఎంతివ్వాలని సైగ చేస్తే వద్దన్నాను. దండం పెట్టి పోయాడు.

నా కొడుక్కు తెలియనిది ఒకటుంది. శనివారం నేను ఒక్కపొద్దు ఉంటాను. ఆ రోజు సద్ది ముట్టను. శుక్రవారం రాత్రి నీళ్లు పోసి పెట్టిన అన్నం అందుకే శనివారమంతా కుండలోనే ఉండిపోయింది. ఎండాకాలం. సాయంత్రం మూత తీస్తే వాసన తేడాగానే ఉంది. పులిసిన నీళ్లు వంచేసి, కొత్త నీళ్లు పోసి, ఉప్పు వేసి పెట్టాను. ఆదివారం పొద్దున నేను తిన్నదీ, ఆయనకు పెట్టిందీ అదే.

నేను పుట్టింది మిర్యాలగూడలో. మా అమ్మ బియ్యం మిల్లులో ఊడ్చేది. మిల్లు నేల మీద పడిన నూకలు, రాళ్లు, మట్టి కలిసిన చెత్త తెచ్చి నా ముందు పోసేది. మూడో తరగతిలో ఉండగా నన్ను బడి మాన్పించింది ఆ నూకలు ఏరడానికే. ఏరింది వండితే తినేవాళ్లం, లేకపోతే లేదు. మెతుకు పారబోయడం అప్పటి నుంచీ నా చేతికి రాదు. ఇది గొప్ప అని చెప్పడం లేదు. కోడలు ఎన్నోసార్లు మొత్తుకుంది. నేను వినలేదు.

కొడుకు మాట కూడా వినలేదు. బియ్యప్పిండితో జావ కాచి, స్టీలు డబ్బాలో పోసుకుని, చెయ్యెత్తి బస్సు ఆపి ఎక్కాను. వాడు వెనక నుంచి ఒక్కటే మాట అన్నాడు.

"పోతె పోయినవ్ గని, గాడ నోరు తెరవకు."

కోదాడ దవాఖానలో ఆయన గోడ పక్క మంచం మీద ఉన్నాడు. చేతికి సెలైను. పొద్దున ఎర్రగా ఉన్న మనిషి సున్నం కొట్టినట్టు అయిపోయాడు. పెదవులు పగిలి ఉన్నాయి. నన్ను చూసి గుర్తుపట్టి నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు అక్కడి నుంచి లేచి పోవాలనిపించింది.

డాక్టరమ్మ చిన్న వయసుది. నన్ను చూసి, "మీరు ఈయనకి ఏమవుతారమ్మా?" అని అడిగింది.

"ఏం కాను," అన్నాను.

ఒంట్లో నీరంతా పోయిందనీ, ఎవరూ చూడకపోతే ఆ ఎండలో ప్రాణం పోయేదనీ చెప్పింది. జావ తాగించవచ్చా అంటే కొంచెం కొంచెంగా పట్టమంది. చెంచాతో పట్టాను. చిన్నపిల్లవాడిలా నోరు తెరిచాడు. ఐదారు చెంచాలు తాగి చెయ్యి అడ్డం పెట్టాడు.

డాక్టరమ్మ చేతిలో ఆయన పుస్తకం ఒకటి ఉంది. ఎక్కడెక్కడ ఏం తిన్నాడో రోజూ అందులో రాసుకుంటాడట. ఏది తిని ఇట్లా అయిందో తెలుసుకోవడానికి దాన్నే చదువుతోంది. నేను అడిగితే తెలుగులో చెప్పింది. మరాఠీ ఊళ్లలో రొట్టె బాగుంది, నంజుకునే కారంలో నిప్పు ఉంది. హైదరాబాదులో బిర్యానీ తిన్నాడు, పక్కన మాట్లాడేవాళ్లు లేక సగం వదిలేశాడు. మిర్యాలగూడలో మిల్లు హమాలీలు పిలిచి అన్నం పెట్టారు. చాలన్నా వినకుండా గుట్టగా పోశారు, పులుసు కాయకుండా పచ్చిగానే పోశారు, అయినా రుచిగా ఉంది. ఊరంతా వడ్ల వాసన వేసింది. సూర్యాపేటలో రాత్రి బండి దగ్గర మిర్చి బజ్జీలు తిన్నాడు, కన్నీళ్లు వచ్చాయి, ఇంకో రెండు అడిగాడు.

చివర నా సంగతి ఉంది. డాక్టరమ్మ నా వైపు చూస్తూ చదివింది. "రోడ్డు పక్కన ఒక పెద్దామె తను తినేదే నాకూ పెట్టింది. డబ్బు తీసుకోలేదు. చల్లగా, పుల్లగా ఉంది. ఈ దేశంలో నేను తిన్నవాటిలో ఇంత ప్రేమతో పెట్టింది లేదు." చదివి, "మీరేనా?" అంది.

ప్రేమతో పెట్టలేదు. ఆ కుండ ఖాళీ అవుతుందని పెట్టాను. నేనొక్కదాన్నే తింటే ఇంకా మిగిలేది. ఆ మాట అక్కడ అనలేకపోయాను. తల ఊపాను.

ఆమె పుస్తకం మూసింది. "ఆ బజ్జీల వల్లే అయ్యుంటుంది. ఏ నూనెలో వేయించారో ఏమో. సూర్యాపేట బండివాళ్ల మీద రాసి పంపిస్తాను. ఇట్లాంటోళ్లని ఊరుకోకూడదు," అంది.

ఆ బండి ఎవరిదో నాకు తెలియదు. ఎవరో ఒక ఆడమనిషి నిలబడి కాల్చే బండి కూడా కావచ్చు. వచ్చి దాన్ని ఎత్తుకుపోతారు. నా కొడుకు మాట చెవిలోనే ఉంది. నోరు మూసుకుంటే మా పొయ్యి నిలుస్తుంది. ఈ పెద్దమనిషి నన్ను మంచిదాన్ననుకుంటూనే సముద్రానికి పోతాడు.

"బజ్జీలు గాదమ్మా," అన్నాను. "నేను పెట్టిన సద్ది. అది నిన్నటిది గాదు, మొన్నటిది."

ఆమె నా వైపు తిరిగింది. "తెలిసే పెట్టారా?"

"తెలిసే పెట్టిన. నేను గూడ గదే తిన్న."

"మీకేం కాలేదా?"

"నా కడుపుకు అలవాటు."

"ఆయన కడుపుకి అలవాటు లేదు కదమ్మా," అంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది. "ఈయనకి నేను చెప్పాలి. ముందుముందు ఎక్కడా ఇట్లాంటిది తినకుండా."

"చెప్పు బిడ్డా," అన్నాను.

ఇంగ్లీషులో చెప్పింది. నాకు ఒక్క ముక్క తెలియలేదు, ఆయన ముఖం మాత్రం తెలిసింది. ముందు నమ్మలేదు. ఆమెను మళ్లీ అడిగాడు. తరువాత నన్ను చూశాడు. ఆ చూపులో తిట్టు లేదు. ముక్కూముఖం తెలియని మనిషిని చూసినట్టు చూశాడు. పుస్తకం తీసుకుని తలగడ కింద పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు.

బండి మీద ఇక రాయనని డాక్టరమ్మ అంది. మా మీద రాస్తుందో లేదో నేను అడగలేదు.

ఆ రాత్రి కోదాడలోనే వియ్యపురాలి ఇంట్లో ఉన్నాను. కొడుకు ఫోన్ చేస్తే, డాక్టరమ్మకు నిజం చెప్పేశానని చెప్పాను. వాడు ఫోన్ పెట్టేశాడు.

తెల్లవారి లేచి స్నానం చేసి, కొత్త బియ్యం అడిగి తీసుకుని, కడిగి, ఆ పూటే జావ కాచాను. పొగలు పోతుండగానే దవాఖానకు తీసుకుపోయాను. ఆయన సంచి సర్దుకుని మంచం మీద కూర్చున్నాడు. పక్కన దుకాణంలో కొన్న బిస్కట్ పొట్లం, సీలు తీయని నీళ్ల సీసా ఉన్నాయి. నేను డబ్బా మూత తీసి, కుండలోది కాదు, ఇప్పుడే కాచానని చేతులతో చూపించాను. ఆయన రెండు చేతులూ జోడించి, తల అడ్డంగా ఊపాడు. సైకిలును బెజవాడ బస్సు మీదికి ఎక్కించారు. ఆయన కిటికీ పక్కన కూర్చుని బిస్కట్ పొట్లం విప్పుకున్నాడు. బస్సు పోయాక నేను స్టాండులో బల్ల మీద కూర్చుని జావ తాగాను.