మేనేజరు గారి పొరపాటు

మా మామయ్యకు హోటల్ బార్‌లో ఇరవై రెండేళ్ళ సర్వీసు. చుక్క ముట్టడు. రుచి చూడకుండా ఎలా కలుపుతావంటే ముక్కు చూపిస్తాడు. పక్క గదిలో సీసా మూత తీసినా అదేంటో ఇక్కణ్ణుంచే చెప్పేస్తాడు. ఇంట్లో మాత్రం మంచినీళ్ళు కూడా అత్తయ్యే పోసివ్వాలి. "అక్కడ ఊరందరికీ పోస్తాడు, ఇక్కడికొచ్చేసరికి చెయ్యి పడిపోతుంది" అంటుందావిడ.

ఆయన చొక్కాకి ఒక బిళ్ళ ఉంటుంది. 'తాత్కాలిక బార్ ఇన్‌చార్జి'. పాత ఇన్‌చార్జి మానేసిన రోజు పెట్టారు, తొమ్మిదేళ్ళయింది. అంచులు అరిగాయి, పిన్ను రెండుసార్లు మారింది, ఆ మొదటి మాట మాత్రం చెక్కుచెదరలేదు.

"తాత్కాలికమంటే ఎన్నాళ్ళు మామయ్యా?"

"శాశ్వతంగానేరా."

ఇలా ఉండగా మన దేశం రగ్బీలో గెలిచింది. అంతకుముందు వారం దాకా దాన్ని కోడిగుడ్డు బంతాట అన్నవాళ్ళే, తెల్లారేసరికి కెప్టెన్‌కి సలహాలివ్వడం మొదలుపెట్టారు. సెలూన్‌లో సగం గడ్డం గీసి వదిలేసి మరీ వాదించుకున్నారు.

హోటల్ మేనేజరు ప్యాంటు మడత నలగకుండా బతికే మనిషి. మధ్యాహ్నం కౌంటర్ మీద పేపరు ముక్క పెట్టాడు. "సాయంత్రం కెప్టెన్ వస్తున్నాడు. టీమ్ జెర్సీ రంగుల్లో మూడు పొరల కాక్‌టెయిల్ కావాలి. పైన ఎరుపు, మధ్యలో తెలుపు, కింద నీలం. నలభై గ్లాసులు. బాగా కుదిరితే అందరి ముందూ ఆ తాత్కాలికాన్ని పీకేసి 'హెడ్' బిళ్ళ పెడతా" అని జేబు తట్టాడు. కొత్త బిళ్ళ అందులోనే ఉంది.

పేపర్లోని ఫొటోలో ఒకడి మీద ఒకడు పడ్డ మనుషుల కుప్ప. మామయ్య కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఇందులో మనవాళ్ళెవరు సార్?"

"బంతి ఎవడి చేతిలో ఉందో వాడు. గెలిచినవాడి దగ్గర కాక ఓడినవాడి దగ్గరుంటుందా?"

"ఎరుపంటే దానిమ్మ సిరప్ సార్. చక్కెర బరువు, పైన నిలవదు. ఎరుపు కింద పెట్టి, నీలం పైన..."

"దేశమే నిలబడింది, నీ సిరప్ నిలబడదా? అయినా తాత్కాలిక ఇన్‌చార్జికి మెనూ మార్చే అధికారం లేదు."

మొదటి మూడు గ్లాసుల్లో ఎరుపు బుడుంగున మునిగింది. మామయ్య దానిమ్మని పక్కన పెట్టేశాడు. చిక్కటి చక్కెర పాకానికి నీలం రంగేసి అడుక్కి పోశాడు. దాని మీద మీగడ. ఆ పైన రెండు చుక్కల ఎరుపు కలిపిన వోడ్కా, చెంచా బోర్లించి, దాని వీపు మీంచి జారేలా. ఫ్యాను ఆపించాడు. "తుమ్మావంటే చంపేస్తా" అన్నాడు, సాయానికొచ్చి గ్లాసులందిస్తున్న నాతో. నలభయ్యో గ్లాసు అయ్యాక చొక్కా మీది పిన్ను వదులు చేసి పెట్టుకున్నాడు, తీసేటప్పుడు ఇబ్బంది పడకూడదని.

కెప్టెన్ వచ్చాడు. మెడ ఎక్కడ మొదలైందో తెలియని మనిషి. గ్లాసు ఎత్తి, వెలుతురుకి పట్టి చూశాడు. చప్పట్లకి సిద్ధమైన చేతులన్నీ ఆగిపోయాయి.

"ఇది మేం ఓడించినవాళ్ళ జెర్సీ అండీ. మాది పైన నీలం, కింద ఎరుపు."

మేనేజరు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మా తాత్కాలిక ఇన్‌చార్జి పొరపాటు సార్!" ఆ 'తాత్కాలిక'ని ఎంత ముద్దుగా ఒత్తి పలికాడో.

మామయ్య శుభ్రమైన గ్లాసు తీసుకున్నాడు. దానిమ్మ సిరప్ పోస్తే, మధ్యాహ్నం నుంచీ దిగాలని చూస్తున్న చోటికే దిగి కుదురుగా కూర్చుంది. మీగడ. పైన నీలం వోడ్కా. నిమిషం పట్టలేదు. కెప్టెన్ ఒక గుక్క తాగి, ఇంకో గుక్క తాగి, "దీని పేరేంటండీ?" అన్నాడు.

"పొరపాటు సార్. పొరలూ ఉన్నాయి, వాటి వెనక పాట్లూ ఉన్నాయి."

కెప్టెన్ నవ్వుకి కౌంటర్ అదిరింది. హాలంతా నవ్వింది. మేనేజరూ నవ్వాడు, జేబు మీంచి చెయ్యి తీయకుండా.

ఇంటికొచ్చిన మామయ్య చొక్కా మీద పాత బిళ్ళే ఉంది. అత్తయ్య దాన్ని చూసి, నీళ్ళు పోసిచ్చింది.

కెప్టెన్ ఆ గ్లాసు ఫొటో ఫోన్లో పెట్టాడట, మర్నాటి నుంచి జనం ఎగబడ్డారు. పేరొచ్చే చోట ఆగే రకమా మన మేనేజరు? కొత్త మెనూ అచ్చేయించి, మొదటి వరసలోనే పెద్దక్షరాలతో పెట్టించాడు: 'మేనేజరు గారి పొరపాటు'.

ఇప్పుడు రోజూ సాయంత్రం అదే పాట. సర్వర్లు హాలు ఆ చివర నుంచి కేకేస్తారు. "మేనేజరు గారి పొరపాట్లు రెండు!" "ఆరో టేబులుకి మేనేజరు గారి పొరపాటు ఇంకోటి!" మామయ్య ఇంకాస్త గొంతెత్తి, "ఇవాళ మేనేజరు గారి పొరపాట్లు అప్పుడే యాభై దాటాయి!" అంటాడు. ఓనరు కూడా విన్నాడు.

మొన్న మేనేజరు కౌంటర్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఆ పేరు కాస్త మార్చెయ్యవయ్యా."

మామయ్య చొక్కా చేతి అంచుతో బిళ్ళని తళతళలాడేలా తుడిచాడు.

"తాత్కాలిక ఇన్‌చార్జికి మెనూ మార్చే అధికారం లేదు సార్."