రెండు చేతుల రొట్టె

మా సోషలు మాస్టారు గోడకి భారతదేశం పటం తగిలించి, కింద కన్యాకుమారి దగ్గర మొదలుపెట్టి పైకి పాఠం చెప్పుకుంటూ పోయేవారు. ఆయన హైదరాబాదు దాకా వచ్చేసరికి నేను బడి మానేశాను. అంచేత ఢిల్లీ నా చదువులో లేదు. ఆ ఊళ్ళో నేను ఎక్కాల్సిన మెట్రో వదిలేసి ఎదురు దిక్కు మెట్రో ఎక్కితే అది నా తెలివితక్కువతనం కాదనీ, మాస్టారి నిదానం వల్లేననీ అందరికీ చెబుతుంటాను. వినేవాళ్ళు మర్యాద కోసం నవ్వుతారు.

అసలు నేను ఢిల్లీ వెళ్ళింది ఊరు చూడ్డానికి కాదు, మా అక్క కోసం. అక్క నర్సు. మా గోదావరి జిల్లాల నుంచి ఒక ట్రంకు పెట్టె, ఒక బైబిలు, ఒక ఆవకాయ సీసా పట్టుకుని రైలెక్కి, ఢిల్లీ ఆసుపత్రుల్లో చేరిపోయిన ఆడపిల్లల్లో ఆవిడ ఒకతె. ఆవిడ జీవితమంతా అక్కడే గడిచింది. బావగారు పోయాక మునిర్కాలో రెండు గదుల అద్దె వాటాలో కూతురితో ఉంటోంది. ఆ చలికాలం ఆవిడకి పక్షవాతం వచ్చింది. మాటకి ఏమీ కాలేదు. కాలు మెల్లగా దారిలో పడింది. కుడి చెయ్యి మాత్రం ఒళ్ళో పెడితే ఒళ్ళో, మంచం మీద పెడితే మంచం మీద, ఎక్కడ పెడితే అక్కడే ఉండిపోయింది.

మేనకోడలు ఫోన్ చేసింది. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి హిందీయే వస్తుంది. "మామా, మమ్మీ ఖానా నహీ ఖా రహీ. ఆప్ ఆ జాఓ," అంది. అమ్మ అన్నం తినడం లేదు, నన్ను రమ్మని. నాకు తాడేపల్లిగూడెంలో చిన్న భోజనాల మెస్సు ఉంది. జనం చేత అన్నం తినిపించడమే నా పని కాబట్టి నా వల్ల అవుతుందనుకుంది కాబోలు. మెస్సుకి తాళం వేసి వెళ్ళాను. పప్పుచారు కాచాను. చేపల పులుసు పెట్టాను. గోంగూర దొరక్కపోతే మెట్రోలో వెళ్ళి వెతికి తెచ్చి మరీ వండాను. అక్క వాసన చూసి "బాగుందిరా" అనేది. పళ్ళెం అలాగే వెనక్కి వచ్చేది.

ఎడమ చేత్తో తినడం అలవాటు చేసుకోమన్నారు డాక్టరు. ఇంకో వారం ఇలాగే ఉంటే మళ్ళీ ఆసుపత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సి వస్తుందన్నారు. గొట్టమంటే ఏమిటో నాకంటే అక్కకే బాగా తెలుసు. అయినా ఆవిడ ఎడమ చేత్తో గ్లాసు ఎత్తి పాలు తాగేది గానీ, ముద్ద ఎత్తేది కాదు. చెంచా ఇచ్చినా అంతే. మేము కలిపి నోటి దగ్గర పెడితే మొహం గోడవైపు తిప్పుకునేది.

"ఎంతమంది పేషెంట్ల చేత ఎడంచేత్తో తినిపించుంటావక్కా నువ్వు?" అన్నాను ఒకరోజు.

"వాళ్ళు పేషెంట్లురా."

"మరి నువ్వు?"

"నేను సిస్టర్ని."

నవ్వాను గానీ, సంగతి అది కాదని నాకు తెలుసు. అక్క పుట్టుకతో ఎడమచేతి వాటం మనిషి. అన్నం దగ్గర ఎడమ చెయ్యి ముందుకొస్తోందని మా అమ్మ పాత చీర పేలికతో ఆ చేతిని నడుముకి కట్టేసి కూర్చోబెట్టేది. అలా ఎన్నాళ్ళు కట్టిందో నాకు తెలియదు, నేను చిన్నవాణ్ణి. నాకు గుర్తున్నంత వరకూ ఆ కట్టు తీసేసిన తరువాత కూడా అన్నం తినేటప్పుడు ఆ చెయ్యి నడుము దగ్గరే ఉండేది. ఎవరూ కట్టకుండానే.

శనివారం వచ్చింది. మేనకోడలికి సాకేత్‌లో ఆఫీసు, ఆ రోజు సెలవు. అక్క నన్ను పిలిచింది.

"ఒరేయ్, పొద్దున్న లేచింది మొదలు నా నోటికేసి చూస్తా కూచుంటన్నావు, కోడి గుడ్డు పెడతదా లేదా అన్నట్టు. అలా పోయి ఊరు చూసి, ఏదన్నా తినేసి రా."

"ఒక్కణ్ణేనా?"

"లేకపోతే బ్యాండుమేళం పెట్టించమంటావా?"

వెళ్ళాను. హౌజ్ ఖాస్‌లో రైలు మారి చాందినీ చౌక్‌లో దిగాను. మంచు ఇంకా విడలేదు. బెడ్మీ పూరీ తిన్నాను. పిండిలో మినప్పప్పు మసాలా పెట్టి వేయించి, పక్కన ఆలూ కూర పోస్తారు. కూరలో ఇంగువ ఒక పాలు ఎక్కువైనా పూరీ మాత్రం నా మెస్సులో పూరీకి పాఠం చెప్పేలా ఉంది. ఇంకో సందులో ఒకాయన పెద్ద పళ్ళెంలో పాల నురుగు కుప్ప పోసుకుని కూర్చున్నాడు. చలికాలంలోనే చేస్తారట, పేరు దౌలత్ కీ చాట్. దొన్నెలో పెట్టి, పైన కోవా, పంచదార చల్లి ఇచ్చాడు. నోట్లో పెట్టుకుంటే ఏదీ లేదు, తీపి ఒక్కటే మిగిలింది. నమలక్కర్లేదు, అక్కకి బాగుంటుందనుకున్నాను. మరుక్షణం గుర్తొచ్చింది, ఆవిడకి నమలడం రాక కాదు తిననిది. ఆ తీపి కాసేపు నోట్లో చేదుగా ఉండిపోయింది.

మధ్యాహ్నానికి ఛోలే భటూరే దుకాణం ముందు నిలబడ్డాను. అంతా నిలబడే తింటున్నారు. పెద్ద పూరీలా ఉబ్బిన భటూరాని రెండు చేతులా పట్టుకుని చించుతున్నారు. పుట్టి బుద్ధెరిగాక అన్నం పళ్ళెంలోకి నా ఎడమ చెయ్యి వెళ్ళలేదు. కుడి చేత్తోనే బొటనవేలు ఆనించి లాగాను. అది సాగింది గానీ తెగలేదు. గట్టిగా లాగితే పళ్ళెం తిరిగి శనగల కూర చొక్కా మీద పడింది. దుకాణం ఆయన గరిటె ఆపి చూశాడు.

"భాయీసాబ్, దూసరా హాథ్ ఛుట్టీ పే హై క్యా?"

రెండో చెయ్యి సెలవులో ఉందా అని. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మామూలుగా అయితే అలాంటి మాటకి నేను వడ్డీతో సహా తిరిగి ఇస్తాను. ఆ రోజు మాత్రం చొక్కా తుడుచుకుని వచ్చేశాను.

ఆ బజారులోనే గురుద్వారా ఉంది. కాళ్ళు లాగుతున్నాయి, కాసేపు కూర్చుందామని లోపలికి వెళ్ళాను. తలకి రుమాలు కట్టించారు. చేతులూ కాళ్ళూ కడుక్కోమన్నారు. పైన భోజనాల హాల్లో జనం నేల మీద చాపల మీద బారులుగా కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. పళ్ళెం వచ్చింది, పప్పు వచ్చింది. రొట్టెల బుట్ట పట్టుకున్నాయన నా ముందుకొచ్చి ఆగాడు. కుడి చెయ్యి చాపాను. ఆయన రొట్టె పట్టుకుని నిలబడ్డాడు గానీ పెట్టలేదు. ఇంకొంచెం చాపాను. పెట్టలేదు. మా ఇంట్లో ఎడమ చెయ్యి చాపితే దెబ్బ పడుతుంది, ఇక్కడ కుడి చెయ్యి చాపినా పెట్టరేమిటని చూస్తుంటే పక్కనున్న ముసలి సర్దార్జీ తన రెండు చేతులూ కలిపి దోసిలి పట్టి చూపించాడు.

"దోనో హాథ్, బేటా."

నాకొచ్చిన టీవీ హిందీలో ఎడమ చెయ్యి మంచిది కాదు, దానితో అన్నం ముట్టుకోకూడదని చెప్పాను. ఆయన గడ్డం నిమురుకుంటూ కింద కుళాయిల వైపు చూపించాడు. చేతులు కడుక్కున్నావు కదా, రెండూ కలిపే కడిగావు కదా అని అడిగాడు. కడిగానన్నాను. ఇంకేం మరి అన్నట్టు తన పప్పు తాను తినడం మొదలుపెట్టాడు.

రెండు చేతులూ చాపాను. వేడి రొట్టె ఆ రెంటి మీదా పడింది. ఎడమ అరచేతికి వేడి తగిలింది. నా వయసుకి అది కొత్త. పేలిక కట్టిన మా అక్క చెయ్యి కళ్ళముందుకొచ్చి చాలాసేపు తినలేకపోయాను. తరువాత బుట్ట ఆయన్ని అడిగి, ఇంట్లో జబ్బు మనిషి ఉందని చెప్పి ఇంకో రొట్టె కాగితంలో చుట్టించుకున్నాను.

తిరుగు రైల్లో ఇంకో అనుమానం పట్టుకుంది. మాది ప్రార్థన చేసుకునే ఇల్లు. వేరే మందిరంలో పెట్టింది తింటుందా అని. ఇంటికొచ్చి సంగతి చెప్పాను.

"నైట్ డ్యూటీలో పేషెంట్ల వాళ్ళు తెచ్చిపెడితే ఎన్నిసార్లు తిన్నాన్రా," అంది అక్క. "ఎక్కడ, ఇలా తే."

"అలా ఇవ్వకూడదంట. ఒక చెయ్యి చాపితే పెట్టరక్కా. నాకే పెట్టలేదు. రెండూ పట్టాలంట."

"నాకు రెండెక్కడున్నాయి?"

"ఉన్నాయి. ఒకటి నిద్రపోతంది, అంతే. రెండోది దాని కింద పెట్టి ఎత్తు."

అక్క నా వైపు చూసింది. కోపం వచ్చిందనుకున్నాను. తరువాత ఎడమ చెయ్యి కదిలింది. ఒళ్ళో ఉన్న కుడి చేతి కిందికి వెళ్ళి, పసిబిడ్డని ఎత్తినట్టు దాన్ని ఎత్తింది. రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి నిలబడ్డాయి. రొట్టె పెట్టాను. మేనకోడలు గుమ్మంలోనే ఆగిపోయింది.

అక్క కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. ఎప్పటికన్నా పెద్ద ప్రార్థన. కళ్ళు తెరిచి, చేతులు ఒళ్ళోకి దించి, కుడి చెయ్యి బరువు రొట్టె మీద ఆనించి, ఎడమ చేత్తో తుంచింది. తుంచిన ముక్కని కాసేపు అలాగే పట్టుకుంది. నోట్లో పెట్టుకుంది. ఇంకో ముక్క తుంచింది. రొట్టె చల్లారి అట్టలా అయిపోయింది, నమలడానికి చాలాసేపు పట్టింది. మొత్తం తిన్నది.

మేనకోడలు వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి వదిలేసింది, ఏడుపు వినపడకుండా. నాకు ఆ సదుపాయం లేదు. అలాంటప్పుడు నాకు వచ్చే పని ఒక్కటే.

"భయపడకక్కా," అన్నాను. "ఎడంచేత్తో తిన్నావని మనూళ్ళో ఎవరికీ చెప్పన్లే."

అక్క పెదాల మీది పొడి ఎడమ చేత్తోనే తుడుచుకుంది.

"చెప్పుకో. ఇన్నాళ్ళూ నువ్వు కుడిచేత్తో వండింది తినలేకే పస్తున్నానని నేనూ చెప్తా."