మేకుకు వేలాడిన తాళంచెవి

మా వీధిలోకి అద్దె ఇళ్లు చూపించడానికి మనుషుల్ని తీసుకొచ్చే బ్రోకరు ఒకడున్నాడు. సరిగ్గా మా అరుగు ముందే నిలబడి ఊదరగొడతాడు. బస్టాపు రెండడుగులట, రేషన్ కొట్టు పక్కనేనట, పిండిమర ఉందట, మలుపులో లైబ్రరీ ఉందట, మూడు మతాల వాళ్లూ అన్నదమ్ముల్లా ఉంటారట. ఆఖరున చెయ్యి చాపి మా ఇంటికి ఎదురుగా ఉన్న నీలం రంగు గదిని చూపిస్తాడు. "ఆడవాళ్ల కోసం మునిసిపాలిటీ కట్టిన మరుగుదొడ్డి. ఎంత శుభ్రంగా ఉందో చూడండి" అంటాడు. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. కుట్టుమిషన్ తొక్కడం ఆపేసి లోపలికి వెళ్లిపోతాను.

ఇంతకుముందు అది ఇంకా శుభ్రంగా ఉండేది. నాలుగేళ్ల పాటు దానికి తాళం వేసి ఉంచాం మరి. తాళంచెవి మా ఇంట్లోనే, క్యాలెండరు పక్కన మేకుకు వేలాడేది.

నేను విరుదునగర్ పిల్లని. పెళ్లయి కోవిల్‌పట్టి వచ్చాను. రెండు ఊళ్లలోనూ మా ఇళ్ల తీరు ఒకటే. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. మా తెలుగు నోటికి తెలిసినంత కంటికి తెలియదు. మా అత్తగారికి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు, నాకు కూడా పెళ్లయ్యాక తిరుపతిలో కొన్న పిల్లల వాచకంతోనే వచ్చింది. అయితే ఈ ఇంటి భాషతో మాకు ఒక సౌకర్యం ఉండేది. ఎదుట ఉన్న మనిషి గురించి ఆ మనిషి ముందే మాట్లాడుకోవచ్చు. పాలతను నిలబడి ఉండగానే పాలు పలచనని అనుకునేవాళ్లం. జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చినామె నడుము గురించి ఆమె ముందే నవ్వుకునేవాళ్లం. గొంతు తగ్గించే పనే లేదు. దాన్ని మా తెలివి అనుకునేవాళ్లం.

వీధిలో మావి నాలుగు తెలుగిళ్లు. మిగిలినవి కిరాణా కొట్లవాళ్లవి, రెండు ముస్లిం కుటుంబాలవి, చర్చి పక్కన టీచరమ్మది, ప్లాస్టిక్ సామాన్లు అమ్మే రాజస్థాన్ వాళ్లది. వీధి చివర వేరుశనగ మిఠాయి చేసే షెడ్డు ఉంది. అందులో ఆడవాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బాసింపట్టు వేసుకుని పప్పు ఏరుతారు, మిఠాయి ముక్కల్ని కాగితాల్లో చుడతారు. ఆ షెడ్డుకి మరుగుదొడ్డి లేదు. వాళ్లు ఎన్నోసార్లు అర్జీ పెట్టుకుంటే మునిసిపాలిటీ ఈ గది కట్టింది. తెరిచిన కొన్నాళ్లకే తాగుబోతులెవరో తలుపు గొళ్లెం విరగ్గొట్టి కొళాయి ఊడబీక్కుపోయారు. వీధివాళ్లు కూర్చుని మాట్లాడి తాళం వేద్దామన్నారు. ఎదురిల్లు మాది, మా అత్తగారంటే అందరికీ గౌరవం. తాళంచెవి ఆమె చేతికిచ్చారు. ఆమె దాన్ని గుడి తాళంచెవి అందుకున్నట్టు అందుకుంది. ఆ మీటింగుకి షెడ్డు ఆడవాళ్లని ఎవరూ పిలవలేదు.

మా అత్తగారు రాక్షసి కాదు. వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా, ఏ కులమని అడక్కుండా గంజి కాచి పంపే మనిషి. కానీ తాళంచెవి వచ్చాక ఆమె చూపు మారింది. మొదట్లో అడిగినవాళ్లందరికీ ఇచ్చేది. తర్వాత ముఖం చూసి ఇవ్వడం మొదలైంది. ఆ తర్వాత కాళ్లు చూసి. చెప్పులున్న కాళ్లకి తాళంచెవి దొరికేది, దుమ్ము పట్టిన కాళ్లకి దొరికేది కాదు. షెడ్డువాళ్లు మధ్యాహ్నం భోజనాల వేళ ఒక్కసారే రావాలని షరతు పెట్టింది. వీధిలో ఎవరూ ఇదేమని అడగలేదు. వాళ్ల ఇళ్లలో వాళ్లకి మరుగుదొడ్లున్నాయి.

తాళం పడ్డ నాలుగో ఏడు వేసవి చివర్లో షెడ్డుకి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. కళుగుమలై వైపు మెట్ట పల్లె ఆమెది. అప్పటికే కడుపుతో ఉంది. మధ్యాహ్నం ఒకసారి, మళ్లీ మూడింటికి ఒకసారి వచ్చి అరుగు కింద, ఎండలో నిలబడేది. అరుగు ఎక్కేది కాదు. తమిళంలో "అమ్మా, సావి" అనేది, అంతే. తాళంచెవిని మా ఇళ్లలోనూ సావి అనే అంటాం.

లోపల కిటికీ పక్కన కుర్చీలో అత్తగారు ఉండేది. మూడింటికి వచ్చిందంటే గొంతు తగ్గించకుండా తెలుగులో అనేది.

"మల్లా వచ్చిండాదా? ఇప్పుడే కదా పోయింది! దాని కడుపేమన్నా ఓటికుండా? సావి లేదని చెప్పి పంపు."

నేను గుమ్మంలోకి వచ్చి, నవ్వుముఖం పెట్టుకుని, తమిళంలో చెప్పేదాన్ని: ఎవరో తీసుకెళ్లారమ్మా, ఇంకా తెచ్చివ్వలేదు. నా భుజం వెనకే మేకు. ఒక్క అడుగు పక్కకి జరిగితే ఆమెకి కనపడేది. నేను జరిగేదాన్ని కాదు. ఆమె తల ఊపి వెళ్లిపోయేది.

ఐప్పసి నెల, అంటే దీపావళి రోజుల వానలు పట్టాయి. ఒక మధ్యాహ్నం ఆమె తుంపరలో తడుస్తూ వచ్చింది. నడుము మీద చెయ్యి పెట్టుకుని ఉంది. "చాలా అవసరం అమ్మా" అంది. ఎప్పుడూ ఒక్క మాటకి మించి అడగని మనిషి.

"ఆ బురదకాల్లతో పోతే రేపు ఎవురు కడిగేది? ఈ జాతికి శుబ్రం ఏడ తెలుసు? లేదను" అంది లోపలి నుంచి అత్తగారు.

లేదన్నాను. ఆమె నా ముఖంలోకి ఎప్పటికన్నా కాస్త ఎక్కువసేపు చూసింది. తర్వాత వానలోనే వెనక్కి తిరిగి పోయింది. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. హమ్మయ్య, అడగడం మానేసిందనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, దాచడం దేనికి?

పది పదిహేను రోజుల తర్వాత జాకెట్టు తీసుకెళ్లడానికి వచ్చిన షెడ్డు ఆమె చెప్పింది. ఆ అమ్మాయి మమ్మల్ని అడిగే అవసరం లేకుండా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగడం మానేసిందట. ఆపుకుని ఆపుకుని మూత్రంలో చీము పట్టి, జ్వరమొచ్చి, నెలలు నిండకుండానే పెద్దాసుపత్రిలో కాన్పయిందట. పాపని అద్దాల పెట్టెలో ఉంచారట. ఏ వార్డులో ఉందో అడిగి తెలుసుకున్నాను.

పాప బతికింది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే గండం గడిచిందని తెలిసేదాకా మూడు రోజులు నేను పడ్డ భయం ఇంకొకళ్లు పడనక్కరలేదు.

అత్తగారికి చెప్పకుండా రొట్టె, కమలాపళ్లు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. ఆ అమ్మాయి మంచం అంచున కూర్చుని ఉంది. ఎలా ఉందమ్మా అని తమిళంలో మొదలుపెట్టాను. ఆమె నా చేతిలో సంచి వంక, నా వంక చూసింది.

"కూచోండక్కా" అంది, తెలుగులో.

వచ్చీరాని తెలుగు కాదది. మా అమ్మమ్మ మాట్లాడిన తెలుగు.

"నీకు తెలుగు వస్తాదా?"

"మీవాల్ల చేలల్లోనే కదా పెరిగింది. ఎనిమిదేండ్లప్పుడే మిరపచేలో కలుపుకి పోయినా. ఆయమ్మ తిట్టేదీ తెలుగులోనే, కూడుకి పిలిచేదీ తెలుగులోనే. రాకుండా ఎట్టుంటాది?"

ఓటికుండ. ఈ జాతి. ఆమె ముందు మేం అన్న మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. మా తాతలు నల్లరేగడిలో కూలి మనుషుల్ని తెలుగులో అదిలించి తెలుగు నేర్పారు. ఆ సంగతి మర్చిపోయి, ఆ భాష మా గోడల్ని దాటదనుకుని కూర్చున్నాం. ఇంత తెలివితక్కువతనం మా ఇళ్లకి తప్ప ఇంకెవరికైనా ఉంటుందా?

"మరి ఒక్క మాట తెలుగులో అనుంటే ఇచ్చేదాన్ని కదా?" అన్నాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపం తీరలేదు. పడుకోవలసిన పచ్చి బాలింత కూర్చుని ఉంటే, తప్పు ఆమె మీదికి నెట్టాను.

ఆమె చీర కొంగు సర్దుకుంది. "అనుంటే ఆ పొద్దు ఇచ్చుందురు. మర్నాటి నుంచి లోపలికి పోయి మెల్లంగా మాట్లాడుకుందురు. సావి మాత్రం మేకుకే ఉండును" అంది.

తెచ్చిన సంచి మంచం కింద పెట్టి వచ్చేశాను.

ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పలేదు. మేకు మీది తాళంచెవి లాక్కుని, వీధి దాటి, ఆ తాళం తీసి, రెండింటినీ మురుగుకాలవలోకి విసిరేశాను. అత్తగారు అరుగు మీదికి వచ్చింది.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? తెరువోల్లంతా, ఈ వీదంతా నమ్మి ఇచ్చింది అది!"

"తెరువోల్ల కోసమా అత్తా కట్టింది? ఆ షెడ్డు ఆడోల్ల కోసం కట్టింది! ఆ పిల్ల సచ్చి బతికింది, తెలుసా? ఆమెకి మన మాట ప్రతి ఒక్కటీ అర్దమయింది!"

అత్తగారు నిదానంగా అంది. "నేనెన్నడూ వాకిట్లోకి రాలేదే. లేదని చెప్పింది ఎవురు?"

ఆమె లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రానికి వీధి వీధంతా మా గుమ్మంలో ఉంది. మైకు మోత దగ్గర, చెత్త ఎక్కడ పోయాలన్న దగ్గర, వీధికుక్కల దగ్గర ఏనాడూ ఒక్క మాట మీదికి రాని మనుషులు. కిరాణా ఆయన, టీచరమ్మ, రాజస్థాన్ ఆయన, మా తెలుగు వాళ్లు, అందరూ ఒక్కటే పాట. తాళం లేకపోతే ఊరి జనమంతా వచ్చి పడతారట. ఊరి జనం కోసం కట్టినదానికి ఊరి జనం వస్తే వీళ్లకేం నొప్పి? బ్రోకరు చెప్పే ఆ అన్నదమ్ముల ఐకమత్యం నేను కళ్లారా చూసింది ఆ ఒక్క సాయంత్రమే. కొత్త తాళం ఎవరు వేసినా రోకలి తెచ్చి పగలగొడతానని, రోజూ నేనే కడుగుతానని అరిచాను. గొంతు బొంగురుపోయే దాకా అరిచాను. వారం రోజులు నాతో ఎవరూ మాట్లాడలేదు. అయినా తాళం పడలేదు. ఆ రోజు నుంచి పొద్దున్నే ఫినాయిలు, చీపురు పట్టుకుని వెళ్తున్నాను.

కొన్ని నెలల తర్వాత ఆమె మళ్లీ షెడ్డు పనికి వచ్చింది. పాప వాళ్లమ్మ దగ్గర ఉందని విన్నాను. ఒక మధ్యాహ్నం ఆమె షెడ్డులోంచి బయటికి రావడం చూసి, కుడుతున్న జాకెట్టు వదిలేసి లేచి నిలబడ్డాను. నడివీధిలో ఏనాడూ తెలుగు మాట్లాడని దాన్ని, అందరికీ వినపడేలా తెలుగులోనే పిలిచాను.

"అమ్మీ, సావి అక్కర్లేదిప్పుడు. తెరిచే ఉండాది. ఎప్పుడు కావాలన్నా రా!"

అన్నాక నా మీద నాకే ముచ్చటేసింది. ఆమె అక్కా అంటుందని, నవ్వుతుందని ఎదురుచూశాను.

ఆమె ఆగింది. తమిళంలో జవాబిచ్చింది. గట్టిగా ఏం అనలేదు, పక్క అరుగుల వాళ్లకి వినపడేంత, అంతే.

"రమ్మని పిలవడానికి అది మీ ఇల్లు కాదు కదమ్మా."

తిన్నగా నడిచి నీలం గదిలోకి వెళ్లింది. లోపలి గడియ పడిన చప్పుడు మా అరుగు దాకా వినిపించింది.