ఇంగ్లీషు కుర్చీకి మా ఉప్పుకాగితం

వరల్డ్‌కప్ కోసం దోహాల కొత్త హోటళ్లు లేస్తున్న రోజులు. ఒక కంపెనీ వర్క్‌షాప్‌ల నేనూ మా బావా వడ్లపని, అదే కర్రపని, చేస్తుంటిమి. బావ పదేండ్ల సంది ఉన్నడు. నేను పోయి నాలుగు నెలలే. 'మా తమ్ముణ్ని కనిపెట్టుకో' అని అక్క బావతోని ఒట్టేయించుకొని పంపింది నన్ను.

ఒక హోటలోళ్లు ఆరు పాత మహాగని కుర్చీలు ఇంగ్లండ్ నుంచి తెప్పిచ్చిన్రు. అతుకులు ఊగుతున్నయి, బిగించియ్యాలె. కూడ వచ్చిన ఇంగ్లీషు మేడమ్ వాటిని తడుముకుంట చెప్తుంటే, ఫోర్‌మన్ మాకు హిందీల చెప్పిండు. గోళీని పట్టుకున్న గోర్ల కాలు చీనాది, ముత్యం పట్టిన డ్రాగన్ పంజా అట. వీపుకు చెక్కిన రిబ్బన్ల అల్లిక ఫ్రాన్సుది. కర్ర ఎక్కడో సముద్రం అవతలి దీవులది.

"మరి దీంట్ల ఇంగ్లీషోళ్లది ఏమున్నది?" అన్నడు బావ.

"కూసునుడు" అన్న నేను. ఫోర్‌మన్ సుత నవ్విండు.

మా వడ్లోళ్లల్ల పాత సామాను పాతగనే తిరిగిస్తే పని చేతగానోడంటరు. గాజుపెంకుతో గీకి, ఉప్పుకాగితం కొట్టి, మొకం కనవడేటట్టు పాలిష్ పెట్టియ్యాలె. బావ స్టోర్‌కు పోయొచ్చేలోపల నేను సంబురంగ ఒక కుర్చీని మొత్తం గీకిన. నల్లగ పేరుకున్నదంత పోయి కర్ర ఎర్రగ బయటవడ్డది. మెచ్చుకుంటడనుకున్న.

బావ చూసి అక్కడ్నే కూసుండిపోయిండు. "ఏం పని చేస్తివిరా. ఆ నలుపే గదరా దాని వయసు, దాని ధర" అన్నడు.

మేడమ్ ఒక్క మాట తిట్టలే. ఆ కుర్చీ మీద చెయ్యి పెట్టి, ఎక్కడన్న నలుపు మిగిలిందేమోనని ఎతికింది. మా కంపెనీ మేనేజర్ మాత్రం ఎవడు గీకిండని అడిగిండు. నేను చేతిల గాజుపెంకును ఎనకకు దాసిన.

"నేనే" అన్నడు బావ.

వారం తిరగకముందే బావ వీసా రద్దు చేసి, ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిన్రు. ఎయిర్‌పోర్టు బస్సెక్కుకుంట "మీ అక్కకు చెప్పకు" అన్నడు, అంతే.

వరల్డ్‌కప్ ఆటలు ఇంక కొన్ని నెలలున్నయనంగ లీవ్ మీద ఊరికొచ్చిన. బావ సెంట్రింగ్ పనికి పోతున్నడు. అంత పనితనమున్న మనిషి సెంట్రింగ్ చెక్కలు మోస్తున్నడంటే సిగ్గుతోని నా పానం సచ్చిపోయింది. ఇయ్యాల అక్కకు చెప్పేస్త అనుకున్న.

అన్నం కాడ అక్కనే ఎత్తింది. "పదేండ్ల పని తెలిసి దోహాల కుర్చీ చెడగొట్టుకొని వచ్చిండు ఈయన. పక్కన్నే ఉంటివి గదరా తమ్మీ, గీకద్దని ఒక్క మాట చెప్పద్దా?"

నేను నోరు తెరిచిన.

"చెప్పిండే" అన్నడు బావ, నా తళెల చారు పోసుకుంట. "వాడు చెప్పిండు. నేనే ఇనలే."

నేను తలొంచుకొని ముద్ద మింగిన. ఇయ్యాల్టిదాక అక్కకు చెప్పలే.